పక్కింటి అంకుల్ దిద్దిన కాగితం

నా చిన్నప్పుడు మిషిగన్‌లో మేమున్న ఊరికి ఒక బొగ్గు ప్లాంటు ఉండేది. ఊరికి కరెంటు ఇచ్చేది అదే. దాని ఆవిరే రోడ్ల కింద గొట్టాల్లోంచి వచ్చి మా స్కూలునీ, లైబ్రరీనీ, ఆస్పత్రినీ చలికాలమంతా వెచ్చగా ఉంచేది. మా పక్కింటి అంకుల్ అక్కడ బాయిలర్ ఇంజనీరు. తెలంగాణ మనిషి, మితభాషి. నేనేమో వాగుడుకాయని.

నేను ఐదో తరగతిలో ఉండగా, ప్లాంటులో బొగ్గు మానేయాలా వద్దా అని సిటీ కౌన్సిల్ వాళ్లు మీటింగ్ పెట్టారు. స్కూలు పిల్లల్లో ఒకరు మాట్లాడాలన్నారు. ఇంకెవరు, నేనే! మానేయాలనే నా వాదన. నేను రాసుకున్నది విషయం తెలిసినవాళ్లకి చూపించి తెమ్మంది మా టీచర్. బొగ్గు గురించి తెలిసినవాళ్లంటే నాకు అంకులే గుర్తొచ్చారు. ప్లాంటు మూతపడితే ఆయన ఉద్యోగం పోతుందనీ, దాంతోపాటు వీసా పోతుందనీ, ఏళ్లుగా ఎదురుచూస్తున్న గ్రీన్‌కార్డు మళ్లీ మొదటికొస్తుందనీ పదేళ్ల నా బుర్రకి తట్టలేదు. శనివారం మధ్యాహ్నం కాగితం పట్టుకుని చక్కా వెళ్లి తలుపు కొట్టాను.

అంకుల్ డైనింగ్ టేబుల్ దగ్గర కూర్చుని నా కాగితం చదవసాగారు. బజ్జీలు తెచ్చిన ఆంటీ ఆయన భుజం మీదుగా తొంగిచూసి, పళ్లెం ఠక్కున బల్ల మీద పెట్టేశారు.

"మన జాబ్ తీసెయ్యమని రాసి, మనతోనే దిద్దించుకుంటదా! గ్రీన్‌కార్డు ఏమైతదో తెలుసా ఈ పిల్లకు? ఇంటికి పంపియ్యండి."

అప్పటికి గాని నాకు తెలిసిరాలేదు. "సారీ అంకుల్" అంటూ కాగితం లాక్కోబోయాను. ఆయన ఇవ్వలేదు.

"కూసో బిడ్డా. ఇట్ల రాస్తే నిన్ను రెండు నిమిషాల్ల కొట్టిపారేస్తరు" అన్నారు.

చలికాలంలో చిమ్నీ మీద తెల్లగా కనిపించేదంతా విషమని రాశాను నేను. అందులో ఎక్కువ నీటి ఆవిరేనట. అసలు చెడ్డది కంటికి కనపడదట. ఆ కనపడనిదేమిటో, మిగిలిన బూడిద ఎక్కడికి పోతుందో ఓపిగ్గా చెప్పి రాయించారు. ఊరికే మూసేయమంటే ఆస్పత్రి చల్లబడిపోతుంది, ముందు గ్యాస్ బాయిలర్లు పెట్టమని అడగమన్నారు. వంటింట్లోంచి ఆంటీ ముక్కు చీదిన చప్పుడు వినిపించింది. ఆయన పెన్సిల్ ఒక్క క్షణం ఆగింది, మళ్లీ రాసింది.

మీటింగ్‌లో ఒక పెద్దాయన నవ్వుతూ, అది వట్టి ఆవిరే కదమ్మా అని అడగనే అడిగాడు. నేను తడుముకోకుండా జవాబు చెప్పాను. అంకుల్ వెనక వరసలో తోటి ఉద్యోగులతో కూర్చుని ఉన్నారు. ఆయన చప్పట్లు కొట్టలేదు, తల మాత్రం ఊపారు. ఆ ఏడాదే బొగ్గు ఆపాలని నిర్ణయమైంది. నా మాటల వల్లే అనుకునేంత వెర్రిదాన్ని కాను, పెద్దవాళ్ల లెక్కలు పెద్దవాళ్లకుంటాయి. కానీ వేసవిలో అంకుల్ ఉద్యోగం పోయి వాళ్లు సామాను సర్దుకుంటుంటే గుమ్మంలో నిలబడి వెక్కివెక్కి ఏడ్చాను.

"నువ్వు అబద్ధం చెప్పినవా?" అని అడిగారు అంకుల్.

"లేదు."

"మరెందుకు ఏడుస్తున్నవ్?"

ఆంటీ దగ్గరికి లాక్కుని చున్నీతో నా మొహం తుడిచారు. వాళ్లు ఇండియా వెళ్లిపోయారు.

ఆ రోజు ఆయనకున్న వయసు ఇప్పుడు నాకుంది. చెబితే నాకే నష్టమయ్యే సంగతి ఎవరైనా వచ్చి అడిగినప్పుడు లోపల పెద్ద గుంజాటనే జరుగుతుంది. అయినా చెప్పేస్తాను. చెప్పేశాక మనసు హాయిగా ఉంటుందని ఎవరైనా అంటే నమ్మకండి. నాకు ఒక్కసారీ అలా అనిపించలేదు. ఆయనకీ అనిపించి ఉండదు. అయినా ఆ శనివారం నన్ను కూర్చోబెట్టుకుని దిద్దారు.