పార్కులో తీసేసిన బోర్డు

మిషిగన్‌లో ఎండాకాలం వచ్చినట్టే వచ్చి వెళ్లిపోతుంది. అందుకే నోవై పక్కనున్న మా ఊళ్లో, జూన్ మొదలైతే తెలుగువాళ్ల పిల్లల పుట్టినరోజులన్నీ పార్కులోనే. పైకప్పు ఉన్న షెల్టరొకటి సిటీ దగ్గర బుక్ చేసుకుంటే చాలు. బల్లలుంటాయి, గ్రిల్ ఉంటుంది, పిల్లలు పరిగెత్తడానికి కావలసినంత గడ్డి ఉంటుంది. పార్కు మొదట్లో ఒక బోర్డు ఉండేది. మద్యం తేవద్దు, కుక్కలను వదలొద్దు, తుపాకులు తేవద్దు అని రాసి ఉండేది. దాని పక్కనుంచి ఎన్నోసార్లు నడిచాను గానీ, ఆగి చదవాల్సిన అవసరం ఎప్పుడూ రాలేదు.

ఆ రోజు పుట్టినరోజు మాకు బాగా దగ్గరైన ఒక స్నేహితుడి కొడుకుది. మా ఆయనా అతనూ ఒకే ఆఫీసులో ఇంజనీర్లు. మాది గుంటూరు, అతనిది వరంగల్. నన్ను అక్కా అని పిలిచేవాడు. ఎవరు ఇల్లు మారినా సోఫా మోయడానికి ముందు వచ్చేది అతనే. ఎక్కడికెళ్లినా స్పీకరు వెంట తెచ్చి పాటలు పెట్టడం అతని సరదా.

పార్కు వెనక ఇళ్లలో ఉండే ఒక పెద్దాయన వచ్చి, సౌండు తగ్గించమని మర్యాదగానే అడిగాడు. తగ్గించాం. కేకు కోశాక ఎవరో మళ్లీ పెంచారు. ఆయన మళ్లీ వచ్చాడు. ఈసారి ముఖం కందిపోయి ఉంది. మా స్నేహితుడు ఎదురెళ్లి, షెల్టరు సాయంత్రం దాకా తమదేనని ఇంగ్లిష్‌లో చెప్పడం మొదలుపెట్టాడు. చెబుతూ చెబుతూ గొంతు పెంచాడు. పెద్దాయన టీషర్టు అంచు పట్టుకుని పైకెత్తి నుదుటి మీద చెమట తుడుచుకున్నాడు. నడుము దగ్గర నల్లటి పిస్టల్ ఉంది. తుడుచుకోవడం అయిపోయాక కూడా షర్టు వెంటనే దించలేదు.

నేను పుచ్చకాయ కోస్తున్నాను. నా చేతిలో కత్తి ఉందన్న సంగతి హఠాత్తుగా స్పృహకొచ్చి, దాన్ని బల్ల మీద పెట్టేశాను.

మా స్నేహితుడు మాట మధ్యలో ఆగిపోయాడు. "సారీ సర్" అన్నాడు. వెనక్కి వచ్చి స్పీకరు ఆపేశాడు. తలకి కాగితం కిరీటం పెట్టుకున్న అతని కొడుకు తండ్రి ముఖంలోకే చూస్తున్నాడు.

నేను ఫోను తీస్తుంటే మా ఆయన చేయి పట్టుకున్నాడు. "వద్దు. హెచ్-వన్ వీసా మీద ఉన్నాం. పోలీస్ రిపోర్టుల్లో మన పేర్లెందుకు?"

"పిల్లలు చూశారు" అని, ఫోను చేశాను.

వచ్చిన పోలీసు కుర్రవాడు ఓపికగా విన్నాడు. పెద్దాయన ఇంటికెళ్లి మాట్లాడి వచ్చాడు. ఆయనకు లైసెన్సు ఉందట. తుపాకీ ఎవరి మీదా గురిపెట్టలేదు, బెదిరిస్తూ ఒక్క మాటా అనలేదు, చెమట తుడుచుకున్నానంటున్నాడు. కాదని నిరూపించడం కష్టమన్నాడు. నేను అతన్ని బోర్డు దగ్గరికి తీసుకెళ్లి మూడో లైను చూపించాను. "అది పాతది మేడమ్. దానికి చట్టం బలం లేదు" అన్నాడు.

అంత మాట విన్నాక ఊరుకోలేకపోయాను. సిటీ కౌన్సిల్ సమావేశంలో ఎవరైనా లేచి మాట్లాడవచ్చు. మా ఆయన వద్దంటూనే డ్రైవ్ చేసి తీసుకెళ్లాడు. మైకు ముందు నిలబడగానే, ఆఫీసు మీటింగుల్లో ధారాళంగా వచ్చే ఇంగ్లిష్ ఎటో పోయింది. పార్కులో తుపాకులు వద్దని మీరే రాశారు కదా, మరి ఆ మాట ఎందుకు నిలబెట్టరని అడిగాను. కౌన్సిల్ సభ్యురాలొకామె కళ్లు తుడుచుకుంది. నాకు ఆశ కలిగింది. తర్వాత సిటీ లాయరు లేచాడు. తుపాకుల మీద సొంతంగా నిబంధనలు పెట్టే అధికారం రాష్ట్రం ఊళ్లకు ఇవ్వలేదనీ, ఆ లైను ఎప్పుడో పొరపాటున ఉండిపోయిందనీ, ఎవరైనా కేసు వేస్తే ఊరే ఓడిపోయి ఖర్చులు భరించాలనీ చెప్పాడు. గుర్తుచేసినందుకు నాకు ధన్యవాదాలు కూడా చెప్పాడు.

కొద్దిరోజుల్లోనే పాత బోర్డు పీకేసి కొత్తది పెట్టారు. మద్యం, కుక్కలు అలాగే ఉన్నాయి. మూడో లైను లేదు. నేను అడగడానికి వెళ్లకపోయి ఉంటే, ఉత్తుత్తి మాటగానైనా అది అక్కడే ఉండేది.

ఆ చలికాలమంతా మా స్నేహితుడు మా ఇంటికి రావడం తగ్గించాడు. తర్వాతి వేసవిలో, మా కాలనీలో ఇంకొకరి పాప పుట్టినరోజుకి మళ్లీ అదే పార్కులో కలిశాం. అతను కూలర్ దించడానికి వంగినప్పుడు చొక్కా కింద బెల్టు పక్కన పిస్టల్ ఉబ్బెత్తుగా కనిపించింది. పక్కకి పిలిచి అడిగాను.

"గ్రీన్ కార్డ్ వచ్చింది కదక్కా. క్లాస్ అటెండ్ అయిన, లైసెన్స్ తీసుకున్న. అంతా లీగలే."

"పిల్లల పార్టీకి తీసుకొస్తావా దీన్ని?"

"నువ్వు కౌన్సిల్‌కి పోయి మంచిగనే అడిగినవ్. ఏమైంది? ఉన్న బోర్డు పీకేసిన్రు." గొంతు తగ్గించాడు. "నా కొడుకు ముందట సారీ సర్ అన్న అక్కా. డాడీ, తప్పు మనది కాదు కదా, ఎందుకు సారీ చెప్పినవ్ అని వాడు ఇప్పటికీ అడుగుతడు. నీకు తెల్వదు ఆ బాధ."

నిజమే, నాకు తెలియదు. వెనక్కి వచ్చి ప్లేట్లు సర్దుతున్నాను. మా అమ్మాయి ఎనిమిదో తరగతి అప్పుడు. చిన్నపిల్లలతో దాక్కునే ఆట ఆడుతూ షెల్టరు వెనకనుంచి పరిగెత్తుకొస్తోంది. అదే సమయంలో గ్రిల్ వేడికి దగ్గర్లో కట్టిన బెలూన్లు రెండు ఫట్ ఫట్‌మని పేలాయి.

మా స్నేహితుడు గిర్రున తిరిగాడు. చొక్కా ఒక చేత్తో ఎత్తి, రెండో చేత్తో పిస్టల్ బయటికి లాగాడు. గొట్టం నేలవైపే ఉంది. కానీ అతని ఎదురుగా, నాలుగడుగుల దూరంలో మా అమ్మాయి ఆగిపోయి ఉంది. ఎవరం అరవలేదు. అరిస్తే ఏమవుతుందోనని అందరికీ ఒకేసారి తోచిందనుకుంటాను. అతని భార్య మాత్రం మెల్లగా, నిద్రపోయేవాళ్లని లేపుతున్నట్టు, "బెలూన్, బెలూన్ పేలింది" అంది. అతను చేతిలోకి చూసుకున్నాడు. పిస్టల్ లోపల పెట్టుకోవడానికి చాలాసేపు పట్టింది. తర్వాత బెంచీ మీద కూలబడి ముఖం కప్పుకున్నాడు.

ఈసారి పోలీసులకు ఫోను చేద్దామని ఎవరూ అనలేదు. మనవాడు. అందరూ బిర్యానీ ట్రేలకు మూతలు పెట్టి, పిల్లల్ని కార్లలో ఎక్కించారు. నేను అమ్మాయిని పట్టుకుని వెనక సీట్లో కూర్చున్నాను. ఇంటికి చేరేదాకా అది ఏడవలేదు. గరాజ్‌లో కారు ఆగాక అంది, "అమ్మా, అంకుల్ నన్నే చూస్తున్నాడు. బట్ అది నేను అని ఆయనకి తెలీలేదు."

మర్నాడు అతను ఫోను చేసి ఏడ్చాడు. మా ఆయన మాట్లాడాడు. నేను తీసుకోలేదు. ఆ తర్వాత పార్టీలన్నీ హాళ్లలోకి మారాయి, పిలిచేవాళ్లు మమ్మల్నో వాళ్లనో ఎవరో ఒకరినే పిలవడం అలవాటు చేసుకున్నారు. ఆ సంగతి ఎవరూ పైకి అనుకోలేదు.

మొన్న ఇండియన్ స్టోర్‌లో కరివేపాకు దగ్గర ఎదురయ్యాడు. చిక్కిపోయాడు. "పాప మంచిగుందా అక్కా?" అని అడిగాడు. బాగుందన్నాను. కొడుకెలా ఉన్నాడని అడగబోతూ, నాకు తెలియకుండానే అతని నడుము వైపు చూశాను. జాకెట్ జిప్పు పైదాకా వేసి ఉంది. నేను ఎటు చూశానో అతను గమనించాడు. ఉందనీ అనలేదు, లేదనీ అనలేదు. బుట్ట తీసుకుని పప్పుల వైపు వెళ్లిపోయాడు.