గ్యాస్ కొట్టించు, చాలు

వ్యాను ఏసీ చెడిందని చెప్పినప్పుడల్లా మా ట్రాన్స్‌పోర్టు సారు నోట ఒకటే మాట: "గ్యాస్ కొట్టించెయ్యవయ్యా, సరిపోద్ది." ఆ మాట ఇప్పుడు తలుచుకున్నా నాకు ఒళ్ళు మండుతుంది.

నేను సౌదీలోని జుబైల్‌లో ఒక కాంట్రాక్టు కంపెనీ వ్యాను డ్రైవర్ని. పైపులైను పనివాళ్ళను పొద్దున క్యాంపు నుంచి సైటుకు, సాయంత్రం సైటు నుంచి క్యాంపుకు చేరుస్తాను. ఎండాకాలంలో నా బండికి ఇంకో పని కూడా ఉంది. మధ్యాహ్నం పూట ఆరుబయట పని చేయించకూడదని ఇక్కడ రూలు. పని ఆపుతారు, నిజమే. కానీ మనుషులు ఎక్కడ కూర్చోవాలి? మా సైటులో చెట్టు లేదు, షెడ్డు లేదు. నా వ్యానునే చూపించి ఇదే నీడ అన్నారు.

ఆ వ్యాను ఏసీయే చెడింది. వర్క్‌షాపులన్నీ ఉండే సనయ్యాకు తీసుకెళ్తే పాకిస్తానీ మెకానిక్ బానెట్ ఎత్తి చూశాడు. "కంప్రెసర్ లీక్ హై భాయ్. గ్యాస్ భరోగే తో ఫిర్ నికల్ జాయేగా" అన్నాడు. ఎంత గ్యాస్ నింపినా మళ్ళీ పోతుందట, చిల్లుకుండలో నీళ్ళు పోయడమేనన్నమాట. అదే వెళ్ళి సారుకు చెప్పాను.

సారుది గోదావరి వైపు. సౌదీలో తెలుగు మాట్లాడే పైఅధికారి దొరికితే అదృష్టమనుకుంటాం. నేనూ అలాగే అనుకున్నాను, నా బుద్ధి తగలెయ్య. "మనం మనం ఒకటి. కాస్త సర్దుకోవాలి మరి. ఈసారికి గ్యాస్ కొట్టించెయ్యి" అన్నాడు. ఆయన గదిలో ఏసీ చలికి నాకు వణుకు పుట్టింది. కొట్టించాను. వారం తిరక్కుండా మళ్ళీ వేడిగాలి. మళ్ళీ వెళ్ళాను, మళ్ళీ అదే మాట. గోడకు చెప్పుకున్నా ఇంతకంటే నయం.

మా వాళ్ళలో మెట్‌పల్లి వైపు పెద్దాయన ఒకాయన, ఫిట్టర్, అందరం కాకా అని పిలిచేవాళ్ళం. ఒక మధ్యాహ్నం ఆయనే అన్నాడు: "మనింటికాడ ఎండకాలం కిటికీలకు తడి గోనెసంచులు గడ్తం గద, గట్లనే గడ్దాం తియ్యిండ్రి." మంచి ఉపాయమే అనిపించింది. అందరం తువ్వాళ్ళు తడిపి కిటికీలన్నిటికీ కట్టాం. నాదీ కాకాదీ ఒకే జిల్లా, అక్కడ ఎండ పొడి ఎండ. తడి సంచి తగిలి వచ్చే గాలి చల్లగా ఉంటుంది. జుబైల్ సముద్రం పక్కన ఊరు. ఆ రోజు ఒంటి మీద చెమటే ఆరడం లేదు, ఇక తువ్వాళ్ళేం ఆరతాయి? వచ్చే కాస్త గాలీ ఆగిపోయి వ్యాను కుడుములు ఉడికే గిన్నె అయింది.

కాకా వెనక సీట్లో ఒరిగాడు. నిద్రపోయాడనుకున్నాం. పనివేళకు లేపితే లేవలేదు. ఒళ్ళు కాలిపోతోంది, నోట ఏవో పొంతన లేని మాటలు. ఆ వ్యానులోనే ఆస్పత్రికి పరుగెత్తించాను. బతికాడు. కానీ కిడ్నీలు దెబ్బతిన్నాయని, ఎండలో పనికి పనికిరాడని డాక్టరు తేల్చేశాడు.

మరునాడు సారు సైటుకు వచ్చాడు. ఇంకా కట్టే ఉన్న తువ్వాళ్ళు చూసేసరికి ఆయనకు ప్రాణం లేచొచ్చింది. "ఎవరు కట్టమన్నారయ్యా ఇవి? గాలాడకుండా మీరే చేసుకుని మా మీద పడతారేంటి?"

ఇక నేను ఆగలేదు. తువ్వాళ్ళన్నీ పీకి పారేసి తలుపు తీసి పట్టుకున్నాను. "ఇగో సార్, తువ్వాలలు లేవు. లోపల కూసో. ఈ మద్యానం మాతోని ఉండు." ఉద్యోగం పోతే పోనీ అనుకున్నాను. ఆయన ఒక కాలు లోపల పెట్టాడు. వేడి ముఖానికి కొట్టగానే వెనక్కి తీసుకున్నాడు. "కోపంలో ఉన్నావు, తర్వాత మాట్లాడదాం" అంటూ తన కారెక్కి అద్దాలు మూసుకున్నాడు.

ఆ సాయంత్రమే కొత్త కంప్రెసర్ వేయించమని ఫోను. కంప్రెసర్ సనయ్యాలో ఆ మెకానిక్ ఉన్న వీధిలోనే దొరికింది. మెకానిక్ కబుర్లు చెబుతూనే బిగించేశాడు. ఇంత చిన్న పనికి ఒక మనిషి కూలిపోవాలా? ఏసీ చల్లగా తగులుతుంటే నాకు ఏడుపొచ్చింది, ఆ వెంటనే స్టీరింగు మీద గుద్దాను.

కాకాకు వీసా రద్దు చేసే ఖురూజ్ ముద్ర కొట్టి, ఇక తిరిగి రాకుండా ఇంటికి పంపేశారు. మొన్న ఆయనే ఫోన్ చేశాడు.

"ఏసీ మంచిగైందా బిడ్డా?"

"అయింది కాకా. నువ్వు పడ్డ తెల్లారే."

"మంచిగైంది. పోరలకు సల్లగుంటది" అన్నాడు.

నాకు ఆయన మీద కూడా కోపం ముంచుకొచ్చింది. "గంతేనా? గా సారును ఒక్క మాటన్న తిట్టవా కాకా?" అని అరిచాను.

"తిడ్తె ఏమొస్తది బిడ్డా" అన్నాడు, గొంతు తగ్గించి. "ఆయన నీతోని మాట్లాడుతడు గద, జర చెప్పు. నాకు రోగం తక్వైందని చెప్పు. మల్ల వీసా తీస్తే వస్తనని చెప్పు."