పెనాంగు ఓడలో పెన్న నీళ్లు

ఓడలను, రేవులను, వాటిలోకి ఎక్కే సామానును, ఆ సామానును మోసుకొచ్చే మనుషులను అదుపులో ఉంచే బాధ్యత స్వీకరించిన సమస్త అధికారుల సముఖానికి, ప్రొద్దుటూరు కాపురస్థుడైన ఒక కళాశాల అధ్యాపకుడు సవినయంగా చేసుకొను మనవి. ఈ వేసవి సెలవుల్లో నేనూ, నా భార్య చెన్నమ్మా మద్రాసు నుంచి పెనాంగుకు పెద్ద ఓడలో విహారయాత్ర చేసి వచ్చాం. ఇటువంటి ప్రయాణం తలపెట్టే దంపతులకు ఉపయోగపడగలందులకు వివరాలన్నీ దిగువ పొందుపరుస్తున్నాను. తమరు కూడా చదివితే అభ్యంతరం లేదు. చివర తమతో పని ఉంది.

ప్రయాణానికి మూలం ఒక ఉత్తరం. చెన్నమ్మ అక్క ఓబులమ్మ భర్త ఉద్యోగం వెంట పెనాంగు చేరి పన్నెండేళ్లయింది. "ఈడ నీళ్లకేం కొదవ ల్యా, దినమూ వానే. అయినా తాగినట్టుండదు. మన పెన్న చెలమ నీళ్లు ఒక్క సెంబుడు దొరికితే సాలనిపిస్తాది" అని రాసింది. అక్కచెల్లెళ్ల పుట్టిల్లు జమ్మలమడుగు. ఎండాకాలంలో అక్కడ పెన్న అంటే ఇసుకే. ఆ ఇసుకలో గుంట తవ్వి, అడుగున ఊరే నీటిని చెంబుతో తోడుకుంటారు. ఆ గుంటనే చెలమ అంటారు. నేను ఉత్తరం చదివి కళ్లు తుడుచుకున్నాను. చెన్నమ్మ చదివి, జమ్మలమడుగు వెళ్లి, రాగి బిందె నిండా చెలమ నీళ్లు పట్టుకుని, మూతికి గుడ్డ కట్టి తిరిగొచ్చింది. ఇక ఓడ టిక్కెట్లు కొనడం ఒక్కటే మిగిలింది. ఇద్దరికీ డెక్కు తరగతిలో రానుపోను నా రెండు నెలల జీతం సరిపోయింది.

ప్రొద్దుటూరులో ఉదయం ఆరు గంటల బస్సెక్కితే ఎర్రగుంట్లలో మద్రాసు రైలు నింపాదిగా అందుతుంది. బస్సు డ్రైవరు పులివెందుల మనిషి. బిందెను చూసి, "ఏందక్కా, ఎర్రగుంట్లలో నీళ్లు ల్యావా?" అన్నాడు.

"సముద్రం మీదికి పోతాండాం నాయనా."

"సముద్రం మీదికి నీళ్లు తీసకపోతాండారా! వచ్చేటప్పుడు మా పులివెందులకు రెండు రాళ్లు తీసకరాండి, ఆడ శానా కరువు" అని నవ్వాడు. నవ్విన మనిషే బిందెను తన సీటు పక్కన పెట్టించుకుని, గుంత వచ్చినచోటల్లా బస్సును పసిబిడ్డ ఉయ్యాలలా నడిపాడు.

మద్రాసులో సెంట్రల్ స్టేషను ఎదుటి సత్రంలో రెండు రోజులు ఉన్నాం. టీకాల కాగితాలు, పాస్‌పోర్టు ముద్రలు ఒక్క పూటలో అవుతాయని ఎవరైనా చెబితే నమ్మవద్దు. రేవులో సామాను తనిఖీ చేసే అధికారి దగ్గర ఒక జాబితా ఉంది. అందులో వస్తువు పేరుకు ఒక గడి, విలువకు ఒక గడి.

"ఇందులో ఏముందమ్మా?"

"నీళ్లు."

"విలువ?"

"ఎండాకాలంలో జమ్మలమడుక్కొచ్చి అడగప్పా, చెప్తా."

ఆయన నీళ్లను గృహోపకరణంగా నమోదు చేసి, విలువ గడిని ఖాళీగా వదిలేశాడు.

ఓడ ఎంత పెద్దదంటే, ప్రొద్దుటూరు బంగారం అంగళ్ల వీధిని మనుషులతో సహా ఎక్కించినా ఇంకా బేరానికి చోటు మిగులుతుంది. డెక్కు మీద చాప పరచుకున్నవారిదే ఆ చోటు. మా పక్క చాప రాజమండ్రి వకీలుగారిది. ఆయన కూడా భార్యతో విహారానికే బయలుదేరారు. బిందెను చూసి, "అదేవిటండీ మాస్టారూ, నీళ్లు మోసుకొచ్చారా? కరువు ప్రాంతం వారికి ఆ భయం సహజమేలెండి. మా గోదావరి వాళ్లం నీళ్ల గురించి ఆలోచించి ఎరగం" అన్నారు. చెన్నమ్మ బిందె గుడ్డకు ఇంకో ముడి వేసింది.

మూడు రోజులు సుఖంగా గడిచాయి. నాలుగో రోజు ఓడలో తాగడానికిచ్చే తొట్టి నీళ్లు ఎర్రబడి తుప్పు వాసన వేశాయి. ఓడ గుమాస్తాను అడిగితే, హాని లేదని వైద్యుడు చెప్పాడని చెప్పాడు. అదే రోజు సముద్రం లేచింది. వకీలుగారి భార్య కడుపులో ఏదీ నిలవలేదు. ఆ నీళ్లు నోట పెడితే చాలు, వాంతి. సాయంత్రానికి ఆమె కళ్లు లోపలికి పోయాయి. వకీలుగారు గ్లాసు పట్టుకుని మా చాప దగ్గరికి వచ్చి నిలబడ్డారు. గ్లాసును బిందె వైపు చాపారు.

చెన్నమ్మ ముడులు విప్పింది. నేను చెవిలో అన్నాను: "మీ అక్కకు?"

"చెలమ కాడ తాగేదానికి వచ్చినోళ్లకు ల్యాదంటారా మామా యాడన్నా? కడవలోళ్లు ఆగల్ల, తాగేటోళ్లు ముందు. అది మా అమ్మ కాలంనుంచి ఉండాది."

వకీలుగారి భార్యకు గుక్క గుక్కగా తాగించింది. ఆమె కడుపులో ఆ నీళ్లు నిలిచాయి. అంతే, డెక్కంతా తెలిసిపోయింది. మరునాడు పొద్దున మా చాప ముందు గ్లాసులతో, చెంబులతో వరస కట్టారు. వకీలుగారే ముందు నిలబడి వరస సరిచూశారు.

"పెద్ద సెంబులోళ్లు ఎనక్కి పోండి! గలాసులు ముందుకు రాండి! ఏమప్పా, అది సెంబా, గంగాళమా?" అని చెన్నమ్మ అరుస్తుంటే ఓడ అధికారి ఒకాయన వచ్చి, ఇది ఎవరి అనుమతితో అని అడిగాడు. ఆమె ఆయనకూ అరగ్లాసు పోసింది. ఆయన తాగి, ఇక అనుమతి ప్రస్తావన తేలేదు.

బిందె ఎంత దిగుతోందో నాకు కనబడుతూనే ఉంది. ఏడో రోజు పెనాంగు చేరేసరికి అడుగున ఒక చెంబుడు కూడా లేదు.

రేవులో ఓబులమ్మ చెల్లెల్ని కాసేపు వదల్లేదు. తర్వాత బిందె ఎత్తి చూసి, మొహం చిన్నబుచ్చుకుంది. "ఇంతేనా? దీనికేనా ఇంత దూరం?"

"దావలో చెలమ పెట్టినా అక్కా."

ఓబులమ్మ అక్కడే, కూలీలూ బండ్లూ తిరిగే చోట, బిందె వంచి దోసిట పట్టుకుంది. ఒక గుక్క తాగింది. "రాగి వాసనొస్తాంది" అంది. రెండో గుక్క తాగింది. మిగిలిన మూడో దోసిలి పట్టి చెల్లెలి నోటికి అందించింది.

రాజమండ్రి దంపతులు సెలవు తీసుకోవడానికి మా దగ్గరికి వచ్చారు. మాది ఏ ఊరో ఓబులమ్మతో వచ్చిన ఆమె భర్త ఆయనకు చెప్పబోతే, "తెలుసండీ, పెన్న ఒడ్డు" అన్నారు వకీలుగారు, టోపీ తీసి. నేను చదువుకున్న విశ్వవిద్యాలయంలో మా ప్రాంతాన్ని వర్షపాతపు పట్టికలో చివరి వరసలో చూపేవారు. ఆ పట్టిక తప్పని నేననను. అయితే నీళ్లు తక్కువైన చోట నీళ్లు పంచడం ఎట్లాగో తెలిసినవాళ్లు ఏ వరసలో ఉంటారో చూపే పట్టిక నాకు ఇంతవరకు కనబడలేదు. కనబడేదాకా నా భార్య పేరు అందులో మొదట ఉందనే అనుకుంటాను.

ప్రయాణికులకు ఒక సలహా: బిందెను గోనెసంచిలో చుట్టకుదురు మీద నిలిపి, డెక్కు కమ్మీకి తాడుతో బిగించండి, మధ్యాహ్నం తర్వాత ఓడ ఒక పక్కకు ఒరుగుతుంది. వెంట ఒక గ్లాసు ఎక్కువ పెట్టుకోండి.

ఇక అధికారులకు లాంఛనంగా దాఖలు చేసుకొను కోరిక:

1. రేవు జాబితాలో మా బిందెకు ఎదురుగా ఖాళీగా వదిలిన విలువ గడిలో, "అడిగినవారికి లేదనరానిది" అని నమోదు చేయవలెను.