బెల్లు మోగిన గంటన్నర

మేము అప్పుడుంటున్న గల్లీలో పట్టపగలు దొంగలు పడ్డారన్న మాట మొదట నాకు మోసుకొచ్చింది పాలుపోసే అక్క. కరీంనగర్ శివారులో, సగం ప్లాట్లు ఇంకా ఖాళీగా ఉన్న వెంచర్లో అప్పుడు మేము ఇల్లు కట్టుకుంటున్నాం.

"బెల్లు కొట్టి పార్సల్ అన్నరట చెల్లె. గా మూలమీది ఇంట్ల పిల్ల ఒక్కతే ఉండె, తలుపు తీసింది. పిల్లకేం కాలే, దేవుని దయ. బంగారం పాయె" అంది.

నాకు భయమేసింది. బంగారానికి కాదు. మా ఆయన మస్కట్‌లో ఉంటారు. నేను బట్టల దుకాణంలో జాకెట్లు కుట్టి ఆరింటికి వస్తాను. ఆరో తరగతి చదివే మా పాప నాలుగున్నరకే వచ్చి, తలుపేసుకుని ఒక్కతే ఉంటుంది. కొత్తింట్లోనూ అంతే కదా అనుకుంటే ఆ రోజు అన్నం సహించలేదు.

మా ఆయన ఫోన్‌లో తొందరపెట్టారు. "అన్ని దిక్కుల కెమెరాలు పెట్టియ్యి. వంటింట్ల గూడ."

"వంటింట్ల దొంగ ఏం జేస్తడు, పప్పు వండుతడా?"

"నిన్ను సూడొచ్చు గదనే."

"నా మొఖం సూడాల్నంటే టికెట్ కొనుక్కొని రా."

నవ్వాను కానీ, ఫోన్ పెట్టగానే తలుపు గడియ మళ్లీ చూసుకున్నాను.

వైరింగ్ చేసింది శ్రీరాంపూర్ బొగ్గుబాయిలో కరెంటు పనిచేసి రిటైరైన పెద్దాయన. నేను బడికి పోయినదాన్ని కాదు, ఇంట్లో మా బాపు నేర్పిన చదువే నాది. కెమెరాల కాగితం ఇంగ్లీషులో ఉంటే ఆయనే చదివి చెప్పాడు. చెప్పేముందు ఒకటే అడిగాడు.

"ఇంట్ల ఒక్కలే ఉండేది ఎవలు బిడ్డా?"

"మా పాప, కాక."

పాపను గోడకు నిలబెట్టి, కళ్లకు సమంగా సుద్దముక్కతో గీత గీశాడు. "బయట మనిషిని సూపెట్టే తెర గీడ. నీ ఎత్తుకు గాదు." గోడలకు పూత పడకముందే పైపులు వేశాడు. గేటుకొక కెమెరా, వెనక మెట్లకొకటి, తలుపు పక్కన చిన్న కెమెరా ఉన్న బెల్లు. కరెంటు పోయినా నడవాలని ఇన్వర్టరుకు కలిపాడు. లోపల మాత్రం నేను ఒక్కటి కూడా పెట్టనివ్వలేదు.

గృహప్రవేశం నాడు పాలు పొంగాక, ఇంత భాగ్యమిచ్చిన స్వామికి దండం పెట్టుకుని, కొత్త వస్తువులన్నిటికీ పసుపు కుంకుమ పెట్టాను. పొయ్యికి, మోటరుకు, ఇన్వర్టరుకు. బెల్లుకూ పెట్టాను, నడిమి నల్లటి అద్దం మీదే, నిండుగా. మా ఇళ్లలో బొట్టు పెట్టకుండా కొత్తది ఏదీ వాడం. రెండు రోజులు చుట్టాలతో తలుపు తెరిచే ఉంది. బెల్లు ఎవరూ కొట్టలేదు.

మూడో రోజు, దుకాణంలో ఉండగా పాప ఫోన్ చేసింది. గొంతు తగ్గించి మాట్లాడుతోంది.

"అమ్మా, బెల్లు మోగుతుంది. తెరల అంత ఎర్రగున్నది. మొఖం కానొస్తలేదు."

"ఎవలట?"

"వైరింగ్ తాతనట. గొంతు గట్లనే ఉన్నది. తియ్యాల్నా?"

నా ఫోన్‌కు అప్పటికి కలిపింది బెల్లు కెమెరా ఒక్కటే, చూస్తే నాకూ ఎరుపే. నేను పెట్టిన బొట్టే నా బిడ్డ కళ్లు మూసిందని అప్పుడు తెలిసింది. "తియ్యకు" అని ఆటో ఎక్కాను. దారంతా దేవుడి పేరు సగంలోనే తెగిపోతూ వచ్చింది.

ఆయనే. గేటు బయట ఎండలో, పనిసంచి మీద కూర్చుని ఉన్నాడు. మిగతా కెమెరాలు ఫోన్‌కు కలపడానికి వచ్చాడట. నన్ను చూసి లేచాడు.

"నేనే పాపతోని అన్న బిడ్డా, 'మీ అమ్మ వచ్చేదాంక తలుపు తియ్యకు' అని. తియ్యలే. మంచిపని జేసింది."

నేను ఏడ్చాను. "నాదే తప్పు కాక."

"బొట్టు పెడితె తప్పేంది? జర కిందికి పెట్టు" అంటూ రుమాలుతో అద్దం తుడిచాడు. తర్వాత తలుపుకు, పాప కళ్లెత్తులో, బయటికి చూడటానికి ఒక కన్ను తొలిచాడు. "బొగ్గుబాయిల మేము ఒక్క దీపాన్ని నమ్ముకొని దిగకపోయేది" అన్నాడు. కూలీ అంటే చేయి అడ్డం పెట్టాడు. చాయ్ మాత్రం తాగాడు.

పాప ఇప్పుడూ ఆ గంటన్నర ఒక్కతే ఉంటుంది. నాకు భయం పూర్తిగా పోలేదు, ఆరు కొట్టేదాకా ఫోన్ ఒళ్లోనే ఉంటుంది. ఆ వైరింగ్ కాక ఊపిరి అందక దవాఖానలో పడ్డాడని మొన్ననే తెలిసింది. ఇది చదివినవాళ్లు సందెదీపం పెట్టేటప్పుడు, నా బిడ్డ తలుపు తియ్యకూడదని ఎండలో కూర్చున్న ఆ పెద్దాయనను ఒక్కసారి తలుచుకోండి.