ఏ.సి. గదిలో సెంటర్ ఫార్వర్డ్

1977. మస్కట్ దాటి సీబ్ వైపు వెళ్తే మా రోడ్డు కంపెనీ క్యాంపు. అందులో రేకుల క్లినిక్, దానికి నేను మేల్ నర్సుని. డాక్టరు వారానికోసారి వచ్చేవాడు. మిగతా రోజుల్లో కూలీలు నన్నే ‘డాక్టర్ సాబ్’ అనేవాళ్లు. కంపెనీ హాకీ జట్టుకు మేనేజర్నీ నేనే. ఫస్ట్ ఎయిడ్ పెట్టె నా దగ్గరుండటమే నా అర్హత. గోల్ ఎలా కొడతారో తెలీదు గానీ, గోలీ ఎప్పుడివ్వాలో తెలుసు.

వేసవి చివర్లో సికింద్రాబాద్ నుంచి నర్సింగ్ వచ్చాడు. పందొమ్మిదేళ్లు. సెంటర్ ఫార్వర్డ్, అంటే అందరికన్నా ముందుండి గోల్ కొట్టాల్సినవాడు. మూడు కంపెనీలు పోటీపడితే మా ప్రాజెక్ట్ మేనేజర్ నాయర్ గారికి దక్కాడు. కాగితాల మీద హెల్పర్. పని మాత్రం ఎవరూ ముట్టుకోనివ్వలేదు. ఆఫీసు పక్కన ఏ.సి. గది, మధ్యాహ్నం నిద్ర, ఎండ దిగాక కాస్త ప్రాక్టీసు. పెళ్లికూతురు లేని లోటు తప్ప కొత్త పెళ్లికొడుకు మర్యాదలన్నీ జరిగాయి.

వాడి మొదటి మ్యాచ్ శుక్రవారం మధ్యాహ్నం. ఇసుక మీద నూనె చల్లి మా రోడ్డు రోలర్‌తోనే తొక్కించిన గ్రౌండు. నర్సింగ్ వచ్చీరాగానే ఒక గోల్ కొట్టాడు. క్యాంపంతా గోల. ఇంకాసేపటికి పిక్కలు పట్టుకుని కూలబడ్డాడు. హీట్ క్రాంప్స్. చెమటతో ఉప్పు పోయి కండరాలు బిగుసుకుపోవడం. అప్పటి ఆటలో బయటికొచ్చినవాడు మళ్లీ లోపలికి వెళ్లకూడదు. వాడు వెళ్లిపోయాక మేం ఓడిపోయాం. అంతకుముందు లీగ్ మ్యాచ్‌లు గెలిచి ఉండటంతో ఫైనల్‌కి మాత్రం చేరాం.

నాయర్ గారు క్లినిక్‌కి వచ్చారు. “పోర్టు జట్టుతో ఫైనల్లో కూడా ఇలాగే పడుకుంటే టికెట్ కొనిచ్చి ఇంటికి పంపేస్తాను. ఏదైనా టానిక్ పట్టించు.”

ఆయన వెళ్లాక నర్సింగ్ గోడవైపు తిరిగాడు. “అన్నా, గిట్ల వాపస్ పోతే మా గల్లీల మొఖమెట్ల సూపియ్యాలె? బ్యాండు పెట్టి తోలిండ్రు నన్ను.”

వాడితో పాటు అదే విమానంలో దిగిన తాపీ పనివాళ్లు అప్పటికి మూడు వారాలుగా ఎండలో కాంక్రీటు పోస్తున్నారు. వాళ్లలో ఒక్కరూ క్రాంప్స్‌తో నా దగ్గరికి రాలేదు. వాళ్లకి మొదటి వారం లైట్ డ్యూటీ ఇచ్చాం. పొద్దున కొద్ది గంటలే ఎండలో పని, రోజురోజుకీ కాస్త ఎక్కువ. దీన్ని అక్లైమటైజేషన్ అంటారు. రోజూ ఆ కొద్ది గంటల్లోనే ఒళ్లు ఉప్పును పొదుపుగా వాడటం నేర్చుకుంటుంది. ఏ.సి.లో ఆ పాఠం చెప్పేవాడు లేడు. క్యాంపులో అందరికన్నా బాగా చూసుకున్నవాడికే ఆ పాఠం దక్కలేదు.

మర్నాడు నాయర్ గారి ఆఫీసుకెళ్లి, “రేపటి నుంచి నర్సింగ్‌ని సైటుకి పంపండి” అన్నాను.

“నేను తెచ్చింది ఫార్వర్డ్‌నా, హెల్పర్‌నా?” అన్నారు నాయర్ గారు.

అక్కడే ఉన్న మా జట్టు కెప్టెన్ బషీర్ వర్క్‌షాప్ ఫోర్‌మన్, కడప మనిషి. “ఏమప్పా డాక్టరూ, రేసు గుర్రాన్ని ఎద్దుబండికి కడ్తావా?” అని నవ్వాడు.

“బండికి వద్దు బషీర్ భాయ్, ఎండకు కట్టు. నీ కొత్త మెకానిక్‌కి ఇచ్చే లైట్ డ్యూటీనే వీడికీ ఇవ్వు.”

బషీర్ నవ్వు ఆగింది. కొత్తవాళ్లకి లైట్ డ్యూటీ వేసేది ఆయనే. “అవునే, ఈన్ని మనిషనే అనుకోకపోతిమి” అన్నాడు.

కెప్టెనే అలా అన్నాక నాయర్ గారూ సరేనన్నారు. నర్సింగ్ పొద్దున సైట్లో తాపీవాళ్లకి నీళ్లందించాడు, తర్వాత ఇటుకలు మోశాడు. “ఏం హీరో, గోల్ ఎటుపక్కరా?” అని వాళ్లు ఏడిపించేవాళ్లు. “నీ సిమెంటు బొచ్చె ఎటుంటే గటే” అనేవాడు వీడు. వారం తిరిగేసరికి చొక్కా మీద తెల్లటి ఉప్పుచారలు తగ్గాయి. నేను చూసుకున్నది ఆ చారల్నే.

ఫైనల్ ముందు ఇంకో పేచీ. నాయర్ గారు మొదటి నిమిషం నుంచీ ఆడించాలన్నారు. “ఒక్కసారి బయటికొస్తే మళ్లీ పంపలేం సార్. వాళ్లు అలిసిపోయాక దింపుదాం” అన్నాను. బషీర్ నాకే ఓటేశాడు. విరామం తర్వాత కూడా వాణ్ణి బయటే కూర్చోబెడితే జనం నన్ను తిట్టిన తిట్లలో కొన్ని మలయాళంవి కావడం నా అదృష్టం, అర్థం కాలేదు.

ఒక గోల్ వెనకబడి ఉండగా దింపాం. నర్సింగ్ దూరం నుంచి కొట్టకుండా ఇద్దర్ని తనవైపు లాక్కుని బషీర్‌కి అందించాడట, స్కోరు సమం. చివర్లో తనే ఇంకోటి కొట్టాడట. విజిల్ మోగాక కూడా రెండు కాళ్ల మీదే నిలబడి ఉన్నాడు. నాయర్ గారు టికెట్ మాట మళ్లీ ఎత్తలేదు.

ఎంతో ఆశపడి తెచ్చుకున్నవాణ్ణి ఎండ తగలకుండా దాచేస్తామని, పైగా దాన్ని ప్రేమ అనుకుంటామని ఆ కేసు నాకు నేర్పింది. ఆ తర్వాత ఏ కొత్త మనిషి క్లినిక్‌కి వచ్చినా, ఏం తిన్నావని అడిగే ముందు ఎండలో ఎంతసేపు ఉన్నావని అడిగేవాణ్ణి.

ఆ సాయంత్రం నర్సింగ్ పరిగెత్తుకొచ్చి, “గోల్ ఎట్లుండెనే అన్నా?” అన్నాడు.

“మస్తుగుండెరా” అన్నాను. చూస్తే కదా. ఆటంతా నేను వాడి పిక్కలే చూస్తూ కూర్చున్నాను.