అర్బాబ్‌కు నేను చెప్పని మాట

పక్కింటి మీద స్లాబు వేస్తున్నారు. సెంట్రింగ్ పలకలకు పూసిన నూనె వాసన పొద్దున్నే కిటికీలోంచి వచ్చింది. ఆ వాసన తగిలితే నేను కరీంనగర్‌లో ఉండను, అల్ ఖోర్‌లో ఉంటాను. చమురు డబ్బుతో కతర్ అంతటా ఇళ్ళు లేస్తున్న రోజులవి. మా కంపెనీ అక్కడ ఉద్యోగుల కుటుంబాలకు క్వార్టర్లు కట్టేది. ఆ సైటు ఇంజనీరు సుబ్రహ్మణ్యం గారిది కాకినాడ. పొట్టి మనిషి. అంత ఇసుక దుమ్ములోనూ ఇస్త్రీ చొక్కాతో, పెళ్ళికి వచ్చినట్టు ఉండేవారు. నేను ఆయన కింద టైమ్ కీపర్‌ని. చిన్నప్పుడు ఉర్దూలో చదువుకున్నందువల్ల అరబ్బీ నాకు తొందరగా పట్టుబడింది. కంపెనీ యజమాని అయిన కతరీ పెద్దమనిషిని అందరం అర్బాబ్ అనేవాళ్ళం. ఆయనకూ మా కూలీలకూ మధ్య మాట నాదే.

సుబ్రహ్మణ్యం గారికి ఒక పద్ధతి ఉండేది. సెలవు కావాలన్నా, ఒంట్లో బాగాలేకపోయినా, ఎవరికి వాళ్ళే అర్బాబ్ ముందు నిలబడి అరబ్బీలో చెప్పుకోవాలి. నేను పక్కనుండి మాట అందించవచ్చు, అంతే. అందుకోసం శుక్రవారం భోజనాలయ్యాక క్యాంపులో కూర్చుని ఆయనే నాలుగు మాటలు నేర్పేవారు. నాకది నచ్చేది కాదు.

"పొద్దంత ఎండల పనిజేసి వస్తరు సార్. రెండేండ్లకు మళ్ల ఇంటికి పోయెటోళ్లు. వీళ్లకు బడి పెడ్తరా?" అన్నాను.

"భాషంతా ఎవరు నేర్చుకోమన్నారయ్యా? తన కష్టం తను చెప్పుకునేంత వస్తే చాలు. వీళ్ళు తడబడితే ఓపిక పట్టమని అర్బాబ్‌కీ చెప్పాను. పడుతున్నాడుగా."

జగిత్యాల వైపు నుంచి వచ్చిన సెంట్రింగ్ మేస్త్రీ సాయిలు గోడకానుకుని, నన్ను చూపిస్తూ నవ్వాడు. "రాజేశమన్న ఉండంగ నాకెందుకు సార్ ఈ తిప్పలు? నాకు 'మాఫీ' ఒక్కటొస్తది. అది గూడ నా పెండ్లానికే చెప్త, ఫులూస్ మాఫీ అని."

ఫులూస్ అంటే డబ్బు, మాఫీ అంటే లేదు. అందరూ నవ్వారు. నాకు లోపల గర్వంగా అనిపించింది. కూలీల పక్షాన మాట్లాడుతున్నాననే అనుకున్నాను. వాళ్ళకు భాష వస్తే నాతో పనుండదన్న బెరుకు అందులో ఎంత ఉందో అప్పుడు చూసుకోలేదు.

ఆ వేసవిలో సుబ్రహ్మణ్యం గారు సెలవు మీద ఇంటికి వెళ్ళారు. అప్పుడే ఊరి నుంచి కొత్తగా వచ్చినవాడొకడు సాయిలుకు కబురు తెచ్చాడు. తండ్రి మంచం పట్టాడు, ముద్ద గొంతు దిగడం లేదు, కొడుకునే తలుస్తున్నాడు. అర్బాబ్ సంతకం లేనిదే దేశం దాటలేం. సాయిలును వెంటబెట్టుకుని వెళ్ళాను. స్లాబు ఆలస్యమైందని ఆయన అప్పటికే చిరాకుగా ఉన్నాడు. ఆయనకు ఇబ్బంది మోసుకొచ్చే మనిషిగా కనిపించడం నాకిష్టం లేకపోయింది. తండ్రికి ఒంట్లో బాగాలేదట, వీలైతే సెలవు కావాలట అని మెత్తగా చెప్పాను. స్లాబు అయ్యాక చూద్దామన్నాడు.

"ఏమన్నడన్నా?" అన్నాడు సాయిలు.

"స్లాబ్ అయినంక పొమ్మంటుండు."

"పాణం మీదికొచ్చిందని చెప్పినవా?"

"చెప్పిన."

సాయిలు తలూపి పనిలోకి వెళ్ళాడు.

స్లాబు పడకముందే టెలిగ్రాం వచ్చింది. తండ్రి పోయాడు. సుబ్రహ్మణ్యం గారు డ్యూటీకి తిరిగొచ్చింది కూడా ఆ రోజే. అర్బాబ్‌కు ఏం చెప్పావని ఆయన అడిగితే దాచలేకపోయాను. సాయిలుకు దారిలో రెండు ముక్కలు నేర్పి, మా ఇద్దరినీ అర్బాబ్ దగ్గరికి తీసుకెళ్ళారు. "అబూయ్ మాత్" అన్నాడు సాయిలు, నాన్న చనిపోయాడని. అర్బాబ్ లేచి వచ్చి అతని తలను తన భుజానికి ఆనించుకున్నాడు. అప్పటికప్పుడు సంతకం చేసి, టిక్కెట్టు తెప్పించి, నా వైపు తిరిగాడు.

"అంత జబ్బని నాకెందుకు చెప్పలేదు?"

సాయిలుకు ఆ ప్రశ్న అర్థం కాలేదు.

బయటికొచ్చాక సుబ్రహ్మణ్యం గారిని బతిమాలాను. "సాయిలుకు మీరే చెప్పుండ్రి సార్. నాకు మొఖం చెల్లదు."

"నీ మాట నువ్వే చెప్పుకోవాలయ్యా. మధ్యలో నేను రాను."

వలస వెళ్ళినవాళ్ళు అక్కడి భాష నేర్చుకోవాల్సిందేనా అని ఎవరైనా వాదించుకుంటుంటే ఇప్పుడు నేను గట్టిగా ఏ పక్షమూ పట్టలేను. అలసిపోయిన మనిషిని భాష రాదని కసరడం తప్పు. నీకెందుకులే అని అతన్ని ఇంకొకరి నోటికి అప్పగించడమూ తప్పే. సుబ్రహ్మణ్యం గారు మొదటిది ఎన్నడూ చేయలేదు. రెండోది నేను దయ అనుకుని చేశాను.

కర్మలయ్యాక సాయిలు గుండుతో తిరిగొచ్చాడు. క్యాంపు వెనక కూర్చుని, మా ఇద్దరి తెలుగులోనే, మాట మాట వెతుక్కుంటూ జరిగింది చెప్పాను. అతను తిట్టలేదు.

"మా నాయన పాణం మీదికొచ్చింది, నేను పోవాలె. ఇది వాళ్ల మాటల ఎట్లంటరు?" అన్నాడు.

చెప్పాను. తప్పు లేకుండా పలికే దాకా నన్ను లేవనివ్వలేదు. నా అరబ్బీ ఇప్పుడు చాలావరకు పోయింది. ఆ వాక్యం మాత్రం పోలేదు.