ప్రభువు అతనికిచ్చిన నా పాట

1988 ఏప్రిల్ 10, ఆదివారం. రేపల్లె చర్చిలో నేను, మా ఆవిడ, ఆమె తమ్ముడు.

బాపట్లలో మా వంటగది తలుపులు మూసి, గిటారు ఒక్కటే పట్టుకుని నేను రాసి పాడుకున్న పాటల క్యాసెట్‌ను వినమని అంతకు నెల ముందు అతనికిచ్చాను. అమ్మ వరి నాట్లేస్తూ పాడే ఊడ్పుల పాటలూ, చర్చి కీర్తనలూ కలిసి నాకు అబ్బిన బాణీలవి.

దేవుడు తమకి చేసిన మేలు గురించి అందరూ సాక్ష్యం చెప్పే వేళ అతను లేచి, "ప్రభువు నాకిచ్చిన పాటండి" అని నా పాటే పాడాడు. అందరూ ఆమేన్ అన్నారు.

బయటకొచ్చాక నిలదీశాను.

"దేవుడి పాటకి నీదీ నాదీ ఏంటి బావా?" అని నవ్వాడు.

మర్నాడు పొద్దున వాళ్లింట్లో టిఫిన్ దగ్గర, "రెండో పాటలో చరణం సరిగా వినబళ్లేదు బావా, కాస్త చెప్పు" అన్నాడు. ఇడ్లీ వదిలేసి లేచాను. వాకిట్లో చెప్పులు వేసుకుంటుంటే, మా ఆవిడ తమ్ముడికి ఆ చరణాన్ని నెమ్మదిగా, ఒక్కో మాటా చెప్పడం వినిపించింది.